పాఠశాలయందు చలనచిత్రము: చూచుటయా, తీయుటయా?

మన ప్రభుత్వ పాఠశాలలలో నల్లబల్ల ప్రక్కన తెర వెలసినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడగా, తెలంగాణ ప్రభుత్వమువారు ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ మొదలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములను ప్రసారము చేయించిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు దూరదర్శన్ సప్తగిరి నాశ్రయించిరి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులు పంచిపెట్టబడినవి. మఱుసటి సంవత్సరము తరగతి గోడలకు టచ్‌స్క్రీను ప్యానెళ్ళును, స్మార్ట్ టీవీలును బిగింపబడినవి. ఈ ప్రయత్నములను నిందించుట మా యుద్దేశము కాదు. గురువు ముఖమే చూడ నోచుకొనని దినములలో తెరమీది గురువైనను దొరకుట పల్లెపిల్లలకు మేలే. కాని యింత ధనమును, ఇంత యంత్రసామగ్రియు, ఇంత యధికారవర్గమును గదలిన కార్యమున ఒక్క ప్రశ్నను మాత్ర మెవరును అడిగినట్లు కానరాదు. ఈ చిత్రములను తీయుచున్న దెవరు? చూచుచున్న దెవరు? తీయువారు రాజధానీ నగరములందలి స్టూడియోలలో నున్నారు. చూచువారు గ్రామములలో నున్నారు. ఒక విషయమును చిత్రముగా మలచుటకు దానిని శోధించి, విడదీసి, మరల గూర్చి, మాటలు వెదకికొనవలెను. ఆ శ్రమవలన గలుగు విద్య తీసినవారికే దక్కినది. విద్యార్థికి దక్కినది చేతులు కట్టుకొని కూర్చుండుట.

విద్యాచిత్రమునందు విద్య యధికముగా నుండునది చూచుటలో గాదు, తీయుటలో ననియే మా యభిప్రాయము. కెమెరా తరగతిగదిలోనికి రావలెను. వచ్చి యుపాధ్యాయుని చేతినుండి విద్యార్థుల చేతులలోనికి పోవలెను. దీనిని వింతకోరికగా దలచువారు పెక్కుమంది గలరు. వారికొఱకే యీ వ్యాసము.

తెర పుస్తకమును తొలగించునన్న యాశ నేటిది గాదు. చలనచిత్రయంత్ర నిర్మాతలలో నగ్రగణ్యుడగు ఎడిసన్ 1913లోనే, పాఠశాలలయందు పుస్తకములకు త్వరలో కాలము చెల్లుననియు, సకల విద్యలను చలనచిత్రములచే బోధింపవచ్చుననియు ప్రకటించెను. నూఱేండ్లు దాటినవి. పుస్తకము సంచిలో నట్లే యున్నది. సంచి బరువును తగ్గలేదు. మనదేశమున 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వఱకు నడచిన ఉపగ్రహ బోధన ప్రయోగము, సైట్ అని ప్రసిద్ధి చెందినది, ఇట్టి యాశలలో మిక్కిలి గొప్పది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమును ఒక యేడాదికి ఎరువు తెచ్చుకొని ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజన్ చూపిరి. ఆ యాఱింటిలో నప్పటి ఆంధ్రప్రదేశ మొకటి. ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు నడచినవి. దారియే సరిగా లేని యూళ్ళకు గొడుగులవంటి యాంటెన్నాలను మోసికొనిపోయి నిలిపిన మన ఇంజనీర్ల దీక్షను ఎంత కొనియాడినను దీఱదు. అయినను, ఉపగ్రహము తరలిపోగానే పెక్కు పల్లెలలో తెర చీకటియైనది. చూచినవారికి జ్ఞాపకము మిగిలెను. చేయి తిరిగిన నేర్పు మాత్రము మిగులలేదు.

అదే కాలమున గుజరాతునందలి ఖేడా జిల్లాలో పిజ్ గ్రామమున వెలసిన చిన్న ప్రసారకేంద్రము వేఱొక దారి చూపినది. అచ్చట ఇస్రోవారు పల్లెవారి చిక్కులను పల్లెవారి నోటనే, వారి వాకిళ్ళలోనే చిత్రించి, తిరిగి వారికే చూపిరి. పది సంవత్సరముల పాటు నడచిన యీ చిన్న ప్రయోగమునకు దేశమున రావలసినంత పేరు రాలేదు. పెద్ద గొంతుల నడుమ చిన్నగొంతు వినబడకపోవుట మనకు క్రొత్త గాదు.

చూచువాడు చేయువాడైనచో నేమగునో యెఱుగదలచినవారు ఫ్రాన్సు దేశమందలి యొక పల్లెబడి చరిత్రమును దెలిసికొనవలెను. మొదటి ప్రపంచయుద్ధమున ఊపిరితిత్తులకు గాయమై, గట్టిగా మాటలాడుటకు శక్తి చాలని సెలెస్తెన్ ఫ్రెనే యను ఉపాధ్యాయుడు 1920లో బార్-సుర్-లూ అను గ్రామమున చేరెను. గంటల తరబడి యుపన్యసింపలేని యీతడు 1924 ప్రాంతమున ఒక చిన్న అచ్చుయంత్రమును తరగతిలో బెట్టెను. పిల్లలు తాము చూచిన దానిని తామే వ్రాసి, తామే అక్షరములు పేర్చి, తామే అచ్చొత్తిరి. ఆ కాగితములను బ్రిటనీ సముద్రతీరమందలి ట్రెగంక్ గ్రామపు పాఠశాలకు పంపిరి. కొండపిల్లలకు చేపల పడవల సంగతులును, కడలిపిల్లలకు కొండవాలు తోటల సంగతులును టపాలో వచ్చి చేరినవి. చదువువాడొకడు దూరమున నున్నాడని తెలిసినంతనే వ్రాతలో శ్రద్ధ కలిగినది. తప్పు వ్రాసినచో నవతలివాడు నవ్వునన్న జంకు ఉపాధ్యాయుని బెత్తముకంటె నెక్కువ పని చేసినది. 1922లో పాతే సంస్థవారు ఇండ్లలో వాడుకొనుటకై తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్ముతో ‘పాతే బేబీ’ యను చిన్న యంత్రమును తెచ్చిరి. ఫ్రెనే యనుచరులగు ఉపాధ్యాయులు దానిని కూడ బడిలోనికి దెచ్చి, సహకార పద్ధతిని ఫిల్ములు పంచుకొనిరి. ధనవంతుల వేడుకకై పుట్టిన యంత్రము పేదబడికి పనిముట్టైనది.

మనకు ఫ్రాన్సుదాక పోవలసిన పనియు లేదు. భారతీయ చలనచిత్రమునకు పితామహుడనదగు దాదాసాహెబు ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను విడుదల చేయుటకు ముందు తీసిన చిన్న చిత్రమేదో మన సినిమా ప్రియులలో నెందఱెఱుగుదురు? ఒక కుండలో బఠానీగింజ నాటి, నెలకు పైబడి దినమున కొక్కటొక్కటిగా బొమ్మ తీసి, గింజ మొలకెత్తి తీగ సాగుటను క్షణములలో జరిగినట్లు చూపెను. ఆ మొలకను జూచియే ధనము పెట్టువారు ముందుకు వచ్చిరి. అనగా మన దేశపు సినిమా యొక్క మొదటి యడుగులలో నొకటి వృక్షశాస్త్ర పాఠము! ఫాల్కేకు నెలపట్టిన యీ పనిని నేడు ఏడవ తరగతి బాలిక పెసరగింజతో వారము దినములలో చేయగలదు. అందుకు కావలసినది ఒక సెల్‌ఫోను, కదలకుండ దానిని నిలుపుటకు నాలుగిటుకలు, దినమున కొకే వేళకు వచ్చి చూచెడి యోపిక. మొదటి రెండింటిని ప్రభుత్వమువారు ఈయగలరు. మూడవది ఆ పనిలోనే పుట్టవలెను.

మఱి కొంచెము కష్టమైన పనిని ఉదాహరణముగా గైకొందము. సికింద్రాబాదు నందు 1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఇందులకై యాతనికి 1902లో నోబెలు బహుమానము లభించెను. ఈ మాట మన పాఠ్యపుస్తకములలో నున్నది, పరీక్షలో నొక మార్కునకు వచ్చును, పిదప మఱచిపోబడును. అయితే రాస్ చేసిన పని యెట్టిది? దోమలలో నేవి యేవియో విడదీసి గుర్తించుట, ప్రతి దినమును లెక్క వ్రాసికొనుట, వందలకొలది నిష్ఫలమైన పరీక్షల పిదపను విసువు చెందకుండుట. ఈ పనిలో మొదటి భాగమును పిల్లలు చేయగలరు. ఒక గాజుసీసాలో నిలువనీటిని దెచ్చి, పలుచని గుడ్డతో మూతి కట్టి, కెమెరాను సీసాకు సమముగా నిలిపి చూడనిండు. (గుడ్డ కట్టుట మఱచినచో శాస్త్రముతోబాటు జ్వరమును వ్యాపించును. ఉపాధ్యాయుడు మెలకువగా నుండవలెను.) కొన్ని పురుగులు నీటిపొర క్రిందనే బల్లపఱుపుగా పండుకొని యుండును. మఱికొన్ని తోకకొనను గల గొట్టమును పైకి నిలిపి తలక్రిందుగా వ్రేలాడుచుండును. మొదటివి మలేరియాను దెచ్చు అనాఫిలిస్ జాతివి. రెండవవి క్యూలెక్సు మొదలగు జాతులవి. పుస్తకములోని బొమ్మలో నిది యొక గీత. సీసాలో నిది ప్రాణమున్న వస్తువు. కెమెరా ముందు దానిని చూపి ‘ఇదిగో, ఇందువలన నిది యదియే’ యని చెప్పవలసి వచ్చినప్పుడు బాలునికి తాను సరిగా చూచినానా యను సందేహము పుట్టును. ఆ సందేహమే శాస్త్రమునకు ద్వారము.

ఇక రోజులను లెక్కింపవలెను. గ్రుడ్డు నుండి దోమయై యెగురుటకు మన యెండలలో నెనిమిది మొదలు పదిదినములు పట్టును. వారమున కొకమాఱు తొట్లలో, కొబ్బరి చిప్పలలో, పాత టైర్లలో నీటిని పారబోయుడని ఆరోగ్యశాఖవారు ఏల చెప్పుచుందురో యీ లెక్క చూచిన పిల్లకు ఒకరు చెప్పకయే తెలియును. వారము గడువకమున్నే నీరు పోయినచో రెక్కలు రాకముందే పురుగు చచ్చును. ఈ కారణమును తెలియక యాజ్ఞను మాత్రము వినుట యొక యెత్తు. కారణమును తన కన్నుల జూచి యింటికిపోయి నానమ్మకు చెప్పుట వేఱొక యెత్తు. ఆ చిత్రమును గ్రామపంచాయతి కార్యాలయమున నొక సాయంకాలము చూపినచో, రాజధానినుండి వచ్చిన ప్రకటన చిత్రముకంటె నది యెక్కువ పనిచేయునని మా నమ్మకము. తమ బడి పిల్లలు, తమ వీధి తొట్టి, తమ నీటిలోని పురుగు: దీనిని కాదను గ్రామస్థుడెవడు?

చిత్రము తీయుటలో నింకొక గొప్ప పాఠము గలదు. అది కోతయందు గలదు. పది దినములలో గంటసేపు చిత్రించిన దానిని నాలుగు నిమిషములకు కుదింపవలెను. దేనిని ఉంచవలెను? దేనిని తీసివేయవలెను? ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్నలపై నలుగురు పిల్లలు వాదులాడుకొనునప్పుడు జరుగునది నిజమైన పునశ్చరణము. విషయమును గ్రహింపనివాడు దానిని గుదింపలేడు. మఱియు నొక ధర్మసంకటము తప్పక వచ్చును. అయిదవనాడు సెలవై చిత్రము తీయలేదు. ఆఱవనాటి పురుగునే అయిదవనాటిదని చూపుదమా? చిన్న అబద్ధము, ఎవరికిని తెలియదు. తరగతిలో నీ ప్రశ్న పుట్టిననాడు పాఠమును ప్రక్కకు బెట్టియైనను దానిని చర్చింపవలెను. కల్పితచిత్రములు, మార్చిన ముఖములు, కృత్రిమమేధస్సు సృష్టించిన గొంతులు సెల్‌ఫోనులో నీటివలె ప్రవహించుచున్న యీ కాలమున, చిత్రమెట్లు అబద్ధమాడగలదో తన చేతితో నెఱిగినవాడే యితరుల యబద్ధమును పట్టగలడు. కూర్చుండి చూచుటవలన నీ జ్ఞానము గలుగదు.

భాషను గూర్చియు చెప్పవలసియున్నది. ఆంధ్రప్రదేశ పాఠశాలలలో ఒక ప్రక్క ఆంగ్లము, ఒక ప్రక్క తెలుగుగా అచ్చైన పుస్తకములు కొన్ని సంవత్సరములుగా నడచుచున్నవి. ఏ మాధ్యమము మేలన్న వాదమును ఇచ్చట దీసికొనము. కాని రెండు పుటల నడుమ బడి యే భాషయందును తన మాటగా చెప్పలేని బాలుని మనమందఱమును ఎఱుగుదుము. ప్రశ్నకు సమాధానమును వల్లించును, ‘అనగా నేమి?’ యన్నచో నేల చూచును. కెమెరా ముందు వల్లించుట సాగదు; తక్కిన పిల్లలే నవ్వుదురు. పుస్తకము ‘డింభకము’ అనును. ఆరోగ్యశాఖవారు ‘లార్వా’ యందురు. ఇంటిలో నమ్మ ‘నీళ్ళలో పురుగులు’ అనును. ఈ మూటిని ఒక్క వాక్యమున గూర్చి, చూచువారికి తెలియునట్లు చెప్పగలిగిన పిల్ల శాస్త్రమును, భాషను గూడ ఒకేమాఱు నేర్చినది. శాస్త్రము చెప్పుటకు తెలుగు చాలదని విచారించుట మనకొక వాడుకయైనది. వాడుచున్నచో చాలును, వాడనిచో నే భాషయు చాలదు. శ్రీకాకుళపు బాలుడు శ్రీకాకుళపు మాటతోను, పాలమూరు బాలిక పాలమూరు మాటతోను చెప్పవలెను. ప్రసారకేంద్రపు ఉచ్చారణను వారి నాలుకలకు దొడుగరాదు.

చదువురాని చేతులకు కెమెరా చిక్కునాయని యడుగువారు సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు దాపున గల పస్తాపూరును జూడవలెను. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములకు జేరిన దళిత స్త్రీలు 1990ల చివరినుండి వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. వారిలో పలువురు బడి మెట్లెక్కి యెఱుగరు. చిరుధాన్యముల సేద్యమును, విత్తనముల భద్రతను, బీటీ పత్తి వేసిన వరంగల్లు రైతుల యిక్కట్లను వారు చిత్రించిరి. ఆ చిత్రములు దేశాంతరములలోను ప్రదర్శింపబడినవి. వారు కెమెరా కోణములకు తమవైన పేళ్ళు పెట్టుకొనిరి. ఎదుటి మనుష్యుని కన్నులకు సమముగా కెమెరాను నిలిపి తీయుట వారికి ‘సంఘం షాటు’. సంఘములో నందఱును సమానముగా కూర్చుందురు గనుక. ఎగువ దిగువల చూపులు పటేలుకును, పాలేరుకును సంబంధించినవి. చిత్రకళాశాలలలో నేండ్ల తరబడి బోధించు సంగతిని తమ బ్రదుకునుండి యీ స్త్రీలు రెండు మాటలలో నెఱిగిరి. మన బడిపిల్లలు కూడ తమ పేళ్ళు తాము పెట్టుకొందురు. ముందుగా మనము వారి చేతికి పనిముట్టు నీయవలెను.

జాతీయ పక్షమువారిలో కొందఱికి ఇచ్చట నొక శంక గలుగవచ్చును. మహాత్ముడు సినిమాను మెచ్చలేదు గదా! నిజమే. 1927లో మదరాసు న్యాయవాదియగు టి. రంగాచారిగారి యధ్యక్షతను ఏర్పడిన చలనచిత్ర విచారణ సంఘము ప్రశ్నావళి పంపగా, ఆయన సమాధానమీయ నిరాకరించి, తాను సినిమా చూచి యెఱుగననియు, దానివలని కీడు తేటతెల్లమనియు వ్రాసెను. ఆ మాటను మేము దాచము, సన్నగిలజేయము. కాని పదేండ్ల పిదప, 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్వాంసులను సమావేశపఱచి ఆ మహాత్ముడే దేశము ముందుంచిన విద్యా సిద్ధాంతము నెట్లు మఱతుము? చేతిపని చదువునకు అనుబంధము గాదు, చదువునకు మూలమనియే గదా యా సిద్ధాంతము. నూలు వడకుచు గణితమును, పత్తి పండించుచు భూగోళమును నేర్వవచ్చునని జాకీర్ హుస్సేన్ సంఘమువారు పాఠ్యక్రమమును సమకూర్చిరి. ఆయన శంకించినది మనుష్యుని మొద్దుబార్చి కూర్చుండబెట్టు వినోదమును. ఆ శంక నేటి ట్యాబులకును వర్తించునేమో, వానిని పంచిన పెద్దలు ఆలోచింపవలెను. కెమెరాను రాట్నముతో సమానమనుట మా యుద్దేశము గాదు. రాట్నము గుడ్డ నిచ్చును, కెమెరా యీయదు. అయినను, చేయి, కన్ను, బుద్ధి, నలుగురి కూడిక యొక్క పనిలో కలియునట్టి సాధనములు నేటి బడిలో నెన్ని గలవు? కలిగిన వానిని విడుచుట వివేకము గాదు.

పిల్లల చేతిలో సెల్‌ఫోను పెట్టుమనుచున్నారా యని తల్లిదండ్రులు కోపింపవచ్చును. అది యిదివఱకే వారి చేతిలో నున్నది. గ్రామీణ భారతమున 14 మొదలు 16 ఏండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి ఎనుబదిమందికి పైగా స్మార్టుఫోనును వాడ నెఱుగుదురని ప్రథమ్ సంస్థవారి 2024 అసర్ నివేదిక చెప్పుచున్నది. విచారణకు ముందటి వారములో చదువు సంబంధమైన పనికి దానిని వాడినవారు నూటికి 57. సామాజిక మాధ్యమములకు వాడినవారు నూటికి 76. అనగా పిల్ల దానిని వాడునా మానునా యను ప్రశ్న తీఱిపోయినది. దేనికి వాడును, ఎవరి చూపులో వాడును అన్నదే మిగిలిన ప్రశ్న. బడిసొత్తుగా నొక ఫోను, దానిలో సిమ్‌కార్డు లేకుండ, బీరువాలో తాళము క్రింద నుండి, పాఠమువేళకు బయటికి వచ్చునట్లు చేసినచో చాలును. ఇంటి ఫోనును తెమ్మనరాదు. తండ్రి కూలికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవు ఫోనును పిల్ల యెట్లు తేగలదు? లేనివారు చిన్నబుచ్చుకొనునట్టి పద్ధతి బడికి తగదు.

ఉపాధ్యాయుల శంక వేఱు. ఇప్పటికే హాజరు యాపులు, మధ్యాహ్న భోజనపు లెక్కలు, సర్వేలు, ఎన్నికల పనులు. ఇప్పుడు సినిమా కూడనా? ఈ యాక్షేపణను మేము పూర్తిగా నంగీకరింతుము. దీనిని ఇంకొక యాజ్ఞగా పంపి, ‘నెలకు రెండు చిత్రములు అప్‌లోడ్ చేయవలయు’నని సర్క్యులరు జారీచేసినచో, ఆ దినముననే యీ పని చచ్చును. ఉపాధ్యాయులు రాత్రి కూర్చుండి స్క్రిప్టు వ్రాసి, తెలివిగల యిద్దఱు పిల్లలచే కంఠతా పెట్టించి, ఇస్త్రీ బట్టలు తొడిగించి, మూడు గంటలలో చిత్రము తీసి, వాట్సాపు గుంపులో పెట్టి, ఊపిరి పీల్చుకొందురు. మండల విద్యాధికారి చప్పట్ల గుర్తు నొకదానిని పంపును. అట్టి చిత్రములు ఇప్పటికే గుట్టలుగా నున్నవి. వానిలో పిల్లల ముఖములు గలవు, పిల్లలు లేరు.

ముఖముల మాట వచ్చినది గనుక, ఇందులో మాకు మిక్కిలి మనస్తాపము గలిగించు విషయమును సూటిగా జెప్పెదము. బడిపిల్లలను ఆడించి, పాడించి, తప్పు చెప్పించి నవ్వి, తమ యూట్యూబు చానెళ్ళలో పెట్టుకొనువారు కొందఱు బయలుదేఱిరి. ప్రైవేటు విద్యాసంస్థలు ర్యాంకుల ప్రకటనలకు పిల్లల మొగములను అంటించుట చాలదని, ఇప్పుడు రీల్సు చేయుచున్నవి. పేదపిల్ల తడబాటు లక్షమంది నవ్వునకు సరకైనది. ఆ పిల్ల పెరిగి పెద్దదై తన యాఱవయేటి తప్పును తెరమీద మరల చూచుకొనవలసి వచ్చునని వీరు తలపరు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల యనుమతిని ఆవశ్యకముగా జేసినది. చట్టము నటుంచినను, గురుధర్మమే దీనిని నిషేధింపవలెను. మేము కోరునట్టి చిత్రములు బడి గోడను దాటి అంగడికి పోరాదు. వానిని తరగతి చూడవలెను, క్రింది తరగతి చూడవలెను, ఊరు చూడవలెను, ఇంకొక యూరి బడి చూడవలెను. అంతకు మించిన కీర్తి పండ్రెండేండ్ల పిల్లకు నక్కఱలేదు.

ఇంకొక యూరి బడియను మాటను తేలికగా నన్నది గాదు. ఫ్రెనే పిల్లలు టపాలో కాగితములు పంపుకొనినట్లు, మన పిల్లలు చిత్రములు పంపుకొనవచ్చును. కోనసీమలో కాలువ నీరు కొబ్బరితోటకు జేరు విధమును అచ్చటి పిల్లలు చిత్రించి అనంతపురపు బడికి పంపనిండు. అనంతపురపు పిల్లలు తమ యెండిన చెఱువును, బోరుబావి లోతును చూపి, ‘మీకీ నీరెక్కడిది?’ యని తిరిగి యడుగనిండు. ఆదిలాబాదు నందలి గోండు బాలిక తన భాషలో చెట్ల పేళ్ళు చెప్పి, తెలుగున వివరింపగా గుంటూరు పిల్లలు విననిండు. రెండు రాష్ట్రములుగా నేర్పడి పది సంవత్సరములు గడచిన పిమ్మట, ఒకరి నొకరు రాజకీయ నాయకుల యుపన్యాసముల ద్వారముననే యెఱుగుచున్న తెలుగు పిల్లలకు, ఎదుటివాని యూరిని ఎదుటివాని కన్నుతో జూచుటకు ఇంతకంటె సులభమైన యుపాయము మాకు తోచదు.

చలనచిత్ర విషయమున తెలుగువారు వెనుకబడిన జాతి గాదు. 1909 ప్రాంతముననే రఘుపతి వెంకయ్యనాయుడుగారు యంత్రమును కొనితెచ్చి దేశము తిరిగి చిత్రములు చూపిరి. 1921లో వారి కుమారుడు ప్రకాష్ ‘భీష్మప్రతిజ్ఞ’ను దీసెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ను తీసి అస్పృశ్యతను ప్రశ్నించిరి. నేడు మన చిత్రములు ప్రపంచమున నాడుచున్నవి. హైదరాబాదులో కెమెరామెన్లు, ఎడిటర్లు, శబ్దగ్రాహకులు వేలకొలది గలరు. అంతర్జాతీయ బాలల చిత్రోత్సవము 1999 మొదలుకొని హైదరాబాదున పలుమాఱులు జరిగినది. బాలలు తామే తీసిన చిత్రములకును అందొక విభాగము నేర్పఱచిరి. దానిని నడపిన బాలల చిత్రసమితి 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఇంత కళయు, ఇంత ధనమును గల పరిశ్రమకును, దానికి కూతవేటు దూరమున గల ప్రభుత్వ పాఠశాలకును సంబంధమేమి? వెండితెర కథానాయకుని పుట్టినరోజున నోటుపుస్తకములు పంచుట తప్ప మఱొకటి మాకు గానరాదు. ఒక యెడిటరు సంవత్సరమున కైదు దినములు ఒక బడికి ఇచ్చినచో, నూఱు నోటుపుస్తకములకంటె నది విలువైన దానము.

ఇక ప్రభుత్వములవారు చేయదగినది. 2020 జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల వారికి సంవత్సరమున పది దినములు పుస్తకసంచి లేకుండ, స్థానిక వృత్తులవారివద్ద పని నేర్చుకొను ఏర్పాటును సూచించినది. ఆ పది దినములను చాల బడులలో నాటపాటలతో గడపివేయుచున్నారు. వానిలో కొన్నింటిని ఈ పనికి గేటాయింపవలెను. కుమ్మరివద్దకో, మగ్గమువద్దకో, వరి నాటువద్దకో పిల్లలు కెమెరాతో పోయి, ఆ పని యెట్లు జరుగునో మఱొక బడికి నేర్పునట్లు చిత్రింపవలెను. జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలలో ఛాత్రోపాధ్యాయులకు కెమెరాను నిలుపుట, శబ్దమును పట్టుట, కత్తిరించుట యను మూడు పనులను నేర్పవలెను, వారము చాలును. మొదటి మూడేండ్లు పోటీలు, బహుమానములు, ర్యాంకులు పెట్టరాదు. జిల్లాకు పది బడులకంటె నెక్కువ తీసికొనరాదు. ఇష్టముగల యుపాధ్యాయులనే తీసికొనవలెను. వారికి సర్వేలనుండి విముక్తి నీయవలెను. ఈ చివరి మాట అధికారులకు కష్టముగా దోచునని మే మెఱుగుదుము. కాని, పని పెట్టువారు తీరికను కూడ ఇచ్చుట న్యాయము.

వ్యయమును గూర్చి యధికముగా వ్రాయ బనిలేదు. ఒక బడికొక ఫోను, ఒక మూడుకాళ్ళ స్టాండు, ఒక చిన్న మైకు. గోడమీద తెర యెట్లును ఉన్నది. వేసవి సెలవుల పిదప జూను మాసమున బడులు తెఱచుసరికి తొలకరి వానలు గురియును; వరండా ప్రక్కన విఱిగిన కుండీలలో నీరు నిలుచును; వారము దిరుగకమున్నే పురుగులు కదలాడును. మొదటి చిత్రమునకు కావలసిన సామగ్రి యంతయు నప్పటికి బడి యావరణములోనే యుండును. ఉత్తరువులు మే నెలలో వెలువడవలెను.